మన చెలకల పత్తి – బంగ్లాదేశపు నూలు మిల్లులు

పత్తి ధర పడినప్పుడెల్ల మన గ్రామములలో వినవచ్చు మాట యొక్కటియే: "సేటు ధర తగ్గించిండు." సేటు తగ్గించిన మాట నిజమే. కాని తగ్గింపుమని సేటుతో చెప్పినవారెవరు? జిన్నింగు మిల్లువారు. వారికి చెప్పినవారు దూదిబేళ్లు కొను వర్తకులు. ఆ వర్తకులకు చెప్పినవి నూలు మిల్లులు. ఈ గొలుసును పట్టుకొని తుదివరకు నడచినచో దాని కొసలలో నొకటి మన దేశపు ఎల్ల దాటి, బంగ్లాదేశమున ఢాకా, నారాయణగంజ్, గాజీపూర్ ప్రాంతముల మిల్లులలో తేలును. నకిరేకల్ చుట్టుపట్ల చెలకలలో ఏరిన పత్తికిని ఆ మిల్లులకును గల సంబంధమును ఈ నెల సభ్యులకు విశదపరుపదలచితిమి. దూరదేశపు సంగతి మనకేల యని కొందరనవచ్చును. తమ క్వింటాలు పత్తి ధరలో నూరు రూపాయలు ఎక్కడ పోయినవో తెలిసికొనగోరువారు మాత్రము ఓపికతో చదువుదురుగాక.

బంగ్లాదేశము వైశాల్యమున మన తెలంగాణమునకు ఒకటింబావు రెట్లకు కొంచెము పైబడియుండును. జనసంఖ్య మాత్రము సుమారు 17 కోట్లు. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు భూమిలో వారు వరియు జనుపనారయు పండింతురు. అంత జనమునకు తిండిగింజలు పండించుటకే నేల చాలదు గనుక పత్తికి చోటు లేదు. వారి మిల్లులకు కావలసిన దూదిలో స్వదేశమున పండునది బహు స్వల్పము. అయినను కుట్టిన దుస్తులను లోకమునకు అమ్ము దేశములలో బంగ్లాదేశము ముందువరుసలో నున్నది. దాని ఎగుమతుల రాబడిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా చొక్కాలు, లాగులు, బనియనులు మొదలగువాని వలననే వచ్చుచున్నది. దూది పండని దేశము దుస్తులతో బ్రతుకుచున్నదన్నమాట. కావున బ్రెజిల్, అమెరికా, పశ్చిమ ఆఫ్రికా దేశములు, ఆస్ట్రేలియా, భారతదేశము – వీరిలో ఎవరియొద్ద అనువుగా దొరికిన వారియొద్ద దూది కొనును. ఆ సంతలో మనమొక్కరమే అమ్మకందారులము కామని మొదటనే గ్రహింపవలెను.

మన రైతు అమ్మునది పత్తి. సరిహద్దు దాటునది దూది. ఈ రెంటి భేదము తెలియనివారు ధర సంగతి మాటలాడుట వ్యర్థము. క్వింటాలు పత్తిని మిల్లులో ఆడించినచో 33 మొదలు 35 కిలోల వరకు దూదియు, 64 కిలోల ప్రాంతమున గింజయు వచ్చును, తక్కినది తరుగు. ఒక బేలు 170 కిలోలు. అనగా బేలు కట్టుటకు సుమారు 5 క్వింటాళ్ల పత్తి కావలెను. మన వర్షాధారపు చెలక ఎకరము ఒక మోస్తరు సంవత్సరమున ఇంచుమించుగా ఒక బేలుకు సరిపడు పత్తి నిచ్చును. గింజ ఇక్కడనే నిలిచి నూనె యగును. చెక్క మన బర్రెలు తినును. దూదిబేలు లారీ ఎక్కును. నకిరేకల్ మీదుగా పోవు 65వ జాతీయ రహదారిని పట్టి విజయవాడ చేరి, అచ్చటినుండి తీరపు బాటను కలకత్తా దాటి, వంగదేశమున పెట్రాపోల్ అను సరిహద్దు ఠాణాకు చేరుట ఒక మార్గము. అవతలి ఒడ్డున నున్నది బేనాపోల్. మన లారీలోని సరకును అక్కడ దించి వారి లారీల కెక్కింతురు. కొంత సరకు ఓడలమీద చట్టగ్రామము రేవునకు పోవును.

ఇచ్చట ఒక శంక కలుగవచ్చును. మన దేశపు దూదిలో అధికభాగమును మన మిల్లులే వాడుకొనుచుండగా, బయటికి పోవు కొంచెమునకు ఇంత ప్రాధాన్యమేల? మన చెరువులను చూడుడు. చెరువు నిండిన సంవత్సరమున అలుగు పారునది చెరువులోని నీటిలో కొంచెమే. కాని ఆ అలుగు మూసివేసినచో కట్ట యేమగును? ఎగుమతి మన పత్తికి అలుగు వంటిది. 2011-12వ సంవత్సరమున మన దేశమునుండి సుమారు 130 లక్షల బేళ్లు పరదేశములకు పోయినవి. నాడు ముఖ్యముగా కొన్నది చైనా. ఆ దేశము తన నిలువల విధానమును 2014లో మార్చుకొనగా ఆ కొనుగోలు క్షీణించెను. తరువాత మన దూదికి పెద్ద గిరాకీదారుగా నిలిచినది పొరుగున నున్న బంగ్లాదేశమే. 2022-23లో మన మొత్తపు ఎగుమతియే సుమారు 16 లక్షల బేళ్లకు దిగిపోయినది. 2024-25లోనైతే మనము పంపినదానికంటె తెప్పించుకొన్న దూదియే మిక్కుటము. పత్తి పండించు దేశము దూదిని దిగుమతి చేసికొనుట యెట్టిదో, దాని ఫలము రైతునకెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ రెండు దేశముల బేరము కొత్తది కాదు. ఢాకా మస్లిను లోకప్రసిద్ధము. మేఘనా నదీతీరమున పండిన ఫుటి కార్పాసమను పత్తితో దానిని నేసెడివారు. మన వైపున పుట్టపాక నేతగాండ్రు నేసిన తేలియా రుమాళ్లును ఒకప్పుడు సముద్రములు దాటి అమ్ముడుపోయినవే. ఆ కాలమున రైతు, వడుకరి, నేతగాడు ఒక్క సీమలో నుండిరి. 1947 విభజన దానికి విరుద్ధమైన చోద్యమును చూపినది. జనుపనార పండు పొలములు తూర్పు బెంగాలునకును, దానిని నేయు మిల్లులు కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డుననే యుండి మనకును వచ్చెను. 1949 సెప్టెంబరులో భారతదేశము తన రూపాయి విలువ తగ్గించుటయు, పాకిస్తాను తగ్గింపకుండుటయు జరుగగా, మారకపు లెక్క తెగక వ్యాపారము స్తంభించెను. నార పండించిన తూర్పు బెంగాలు రైతు కొనువారు లేక బాధపడెను. ఇవతల మిల్లులు నార లేక కుంటుపడెను. 1965 యుద్ధముతో ఉన్న కొద్ది బేరమును ఆగినది. బంగ్లాదేశము స్వతంత్రమైన పిమ్మట 1972 మార్చి 28న రెండు దేశములు మొదటి వాణిజ్య ఒడంబడిక చేసికొన్నవి. నాడు నార విషయమున వారి రైతున కెదురైన కష్టమే నేడు పత్తి విషయమున మన రైతునకు ఎదురగుచున్నది. పంట ఒక దేశమున, యంత్రము వేరొక దేశమున నున్నప్పుడు నడుమనున్న గేటు తాళపుచెవి రైతు చేతిలో నుండదు.

లెక్కలు చూచినచో ఈ బేరము ఒకవైపు మొగ్గియున్నది. 2023-24లో మనము బంగ్లాదేశమునకు అమ్మిన సరకుల విలువ సుమారు 1,106 కోట్ల డాలరులు. వారియొద్ద మనము కొన్నది సుమారు 184 కోట్ల డాలరులు. మనము దూది, నూలు, బియ్యము, ఉల్లి, నూనెలు, యంత్రభాగములు పంపుదుము. వారు దుస్తులు, జనుపనార సరకులు, చేపలు పంపుదురు. 2011లో భారతప్రభుత్వము సారా, పొగాకు వంటి 25 వస్తువులు తప్ప మిగిలిన వానిపై వెనుకబడిన దేశములకు సుంకము మాన్పినది. బంగ్లాదేశమునకును ఆ లాభము కలిగినది. కాని 2017 జనవరిలో వారి జనుపనార సరకులపై ప్రత్యేక సుంకము వేసినది. ఒకచేత ఇచ్చి రెండవచేత పట్టుకొన్నట్లు వారికి తోచినచో ఆశ్చర్యము లేదు. కొనువాని మనస్సు నొచ్చినచో అమ్మువానికి నష్టమే. ఇది మా అభిప్రాయము. దీనితో ఏకీభవింపని పెద్దలును గలరు.

దీనికంటె ఎక్కువ కీడు చేసినవి హఠాత్తుగా వచ్చిన నిషేధములు. 2010 ఏప్రిలులో మన ప్రభుత్వము దూది ఎగుమతి నమోదును నిలిపివేసెను. 2012 మార్చి 5న మరల నిషేధము వచ్చెను. రైతులును వారి నాయకులును గోలపెట్టగా వారము తిరుగకుండ సడలించిరి. దేశపు మిల్లులకు దూది చౌకగా దొరకవలెనన్నది ఆ ఉత్తర్వుల ఉద్దేశము. అంగట్లో సరకు దింపి కూర్చున్న రైతు మాట అప్పుడెవ్వరికిని తట్టలేదు. అవతల ఒప్పందము చేసికొన్న మిల్లు యజమాని యేమనుకొనెనో ఊహింపుడు. ఉల్లిగడ్డ విషయమునను ఇట్లే జరిగినది: 2019 సెప్టెంబరులో, 2020 సెప్టెంబరులో, 2023 డిసెంబరులో ఎగుమతి ఆపిరి. ఒక బావి నీరు నమ్మరానిదని తెలిసినవాడు రెండవ బావి త్రవ్వుకొనును. బంగ్లాదేశపు మిల్లులు బ్రెజిలు దూదికిని ఆఫ్రికా దూదికిని అలవాటు పడుటకు ధర యొక్కటియే కారణము గాదు; సరకు చెప్పిన వేళకు వచ్చునను నమ్మిక మరియొక కారణము. సముద్రముమీద వారముల తరబడి వచ్చు దూదికంటె లారీలో కొద్ది దినములలో వచ్చు మన దూది వారికి అనుకూలము. దగ్గరతనమను ఈ ఒక్క మేలును మనము మాటిమాటికి చెడగొట్టుకొంటిమి.

2024 ఆగస్టు 5న ఢాకాలో ప్రభుత్వము కూలిపోగా కొన్ని దినములు సరిహద్దు ఠాణాలలో రాకపోకలు నిలిచిపోయెను. 2025 ఏప్రిలు 8న, బంగ్లాదేశపు సరకులు మన రేవులగుండ, విమానాశ్రయములగుండ ఇతర దేశములకు పోవుటకు 2020లో ఇచ్చిన వసతిని భారతప్రభుత్వము రద్దుచేసెను. ఆ నెల నడుమనే బంగ్లాదేశము మన నూలును భూమార్గపు ఠాణాలగుండ రానీయమని ఉత్తర్వు చేసెను. మే 17న వారి దుస్తులు కలకత్తా, నవాశేవా రేవులగుండ తప్ప మన దేశములోనికి రారాదని మనవారు శాసించిరి. జూను 27న జనుపనార సరకులకును అట్టి కట్టడియే వచ్చెను.

మూడు నెలలలో వచ్చిన ఈ ఉత్తర్వులలో దూది పేరు లేదు గదా, మనకేమి అని తలంపరాదు. నూలుకును దూదికిని గల లంకె యిది. నూలు రోడ్డున పోకున్న ఓడమీద పోవలెను. దినములు పెరుగును, ఖర్చు పెరుగును. చిన్న మొత్తములు కొను అల్లికబట్టల కర్మాగారములకు అది అనువు గాదు. అప్పుడు గుంటూరులోను కోయంబత్తూరులోను నూలు నిలువ పడును. నిలువ పడిన మిల్లు దూది కొనుటకు తొందరపడదు. జిన్నింగు మిల్లువాడు బేళ్లు కదలక పత్తి ధర దింపును. నకిరేకల్ వైపు రైతు "సేటు ధర తగ్గించిండు" అనును. ఇక బంగ్లాదేశపు నూలు మిల్లువారు మన నూలు చౌకగా వచ్చి తమను చెరుపుచున్నదని మొరపెట్టుకొనిన మీదటనే ఆ ఉత్తర్వు వచ్చినది. మన నూలు మిల్లువారును తమ ప్రభుత్వముతో మొర పెట్టుకొన్నవారే. 2021 ఫిబ్రవరిలో పరదేశపు దూదిపై వేసిన నూటికి 11 పాళ్ల సుంకమును వారి కోరికమీద 2025 ఆగస్టు 19 మొదలు డిసెంబరు 31 వరకు ఎత్తివేసిరి. సరిగ్గా మన పత్తి అంగటికి వచ్చు కాలమది. ఇరువైపుల మిల్లువారికి మొర వినువారు దొరికిరి.

మద్దతు ధర యున్నది గదా యని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. ఉన్నది, అది లేకున్న మన గతి దుర్భరము. 2025-26 సంవత్సరమునకు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, నడిమి పింజకు 7,710 రూపాయలు నిర్ణయించిరి. అంగడి ధర దానికి లోబడినప్పుడు భారత పత్తి సంస్థ, అనగా సి.సి.ఐ., కొనును. కాని మద్దతు ధర గొడుగు వంటిది, వాన ఆపదు. ఆ ధరకు కొన్న దూది లోకపు అంగటిలో బ్రెజిలు దూదికంటె ప్రియమగుట వలన బయటివారు కొనరు. బేళ్లు గిడ్డంగులలో నిలుచును. అందుచేత మద్దతు ధరను నమ్ముకొనుచునే బయటి గిరాకీని నిలుపుకొను ఉపాయమును చూడవలెను. ఆ ఉపాయములో ప్రభుత్వములు చేయవలసినది కొంత, రైతు చేయవలసినది కొంత గలదు. మొదటిది మన చేతిలో లేదు. రెండవదానిని గూర్చి చెప్పుదుము.

మన దూదిపై మిల్లువారు చెప్పు నింద ముఖ్యముగా ఒకటి: చెత్త. పింజ పొడవులో మన దూది తీసిపోదు. ఎండుటాకు, కాయ తొక్కలు, తలవెండ్రుకలు, అన్నింటికంటె ముఖ్యముగా ప్లాస్టికు దారములు దీనిలో కలియుచున్నవి. యూరియా సంచులలో పత్తి కుక్కి, ఆ సంచి అంచులు చినిగి లేచిన పోగులు పత్తిలో కలిసినచో, అవి జిన్నింగు యంత్రమున వేరు కావు. నూలులోనికి పోవును. బట్టకు రంగు వేసినప్పుడు ప్లాస్టికు పోగు రంగు పట్టక తెల్లని గీతగా నిలుచును. అట్టి గీత యొక్కటి కనబడిన బట్టను కుట్టు కర్మాగారమువారు త్రిప్పి పంపుదురు. ఢాకా మిల్లు యజమాని మన దూదికి ధర తగ్గించి అడుగుటకు ఇట్టి సంచి పోగు ఒక కారణము. గుడ్డ సంచి గాని, పాత నూలు చీర గాని, దుప్పటి గాని వాడినచో ఈ దోషము పోవును. దీనికి ఖర్చు లేదు.

పత్తి ఏరుటకు మంచు ఆరిన పిదప మొదలిడి, ఎండ ముదిరి ఆకు పెళపెళలాడకముందే ముగించుట మేలు. ఎండిన ఆకు నలిగి పత్తికి అంటుకొన్నచో మరి రాదు. బాగుగా విచ్చిన కాయనే ఏరవలెను. ఏరు స్త్రీలు తలకు గుడ్డ చుట్టుకొనవలెను. కిలోకు ఇంత యని కూలి ఇచ్చుచు శుభ్రమైన పత్తిని కోరుట న్యాయము గాదు; తూకము పెరుగవలెనని వారు తొక్కలతో సహా లాగుదురు. శుభ్రముగా ఏరినవారికి కిలోకు ఒక రూపాయి ఎక్కువ యిచ్చిన రైతులు నష్టపడుట మేము చూడలేదు. మొదటి ఏరుట, రెండవ ఏరుట, చివరి ఏరుట – వీనిని వేరువేరుగ పోయవలెను. గులాబి పురుగు తొలిచి పసుపుపట్టిన పత్తిని మంచిపత్తితో కలిపినచో మొత్తము రాశి ఆ పసుపుపత్తి ధరకే పోవును.

తేమ సంగతి మరియొకటి. నూటికి 8 పాళ్ల వరకు తేమయున్న పత్తికి పూర్తి మద్దతు ధర. అది దాటి 12 వరకు ఒక్కొక్క పాలునకు ధరలో నూరవ వంతు కోత. 12 దాటిన కొనరు. 8,110 రూపాయల ధరలో ఒక్క పాలు తేమకు పోవునది 81 రూపాయలు. కార్తికమున ఏరిన పత్తి 15 పాళ్లయినను చూపును. రెండు దినములు పలుచగా ఆరబోసినచో ఈ నష్టము తప్పును. సంఘమున తేమ కొలుచు యంత్రము నొకదానిని ఉంచి, బండి కట్టకముందే సభ్యుడు తన పత్తిని చూచుకొను వీలు కల్పించుట సులభము. కేంద్రమువరకు పోయి, దినమంతయు వరుసలో నిలిచి, తేమ యెక్కువయని త్రిప్పి పంపబడి, వచ్చినదే ధరయని దారిలో అమ్ముకొనువారిని ఏటేట చూచుచున్నాము.

ఇక నిలువ చేయవలెనా, వెంటనే అమ్మవలెనా యన్న ప్రశ్న. 2021-22లో మద్దతు ధర 6,025 రూపాయలు కాగా, 2022 మొదటి నెలలలో అంగడి ధర 10,000 దాటినది. దీపావళికే అమ్మినవారు చింతించిరి. మరుసటి సంవత్సరము అందరును పదివేలు వచ్చునని ఇండ్లలో పత్తి పోసికొని కూర్చుండిరి. ధర దిగినది, బంగ్లాదేశమున డాలరులు కరవై బ్యాంకులు దిగుమతికి హామీపత్రము లిచ్చుటయే కష్టమైన కాలమది. ఇంటినిండ పత్తి, పిల్లలకు దురదలు, ఎలుకలు, తూకము తరుగు, అగ్గిభయము, షావుకారు వడ్డీ – ఇన్నియు భరించి తుదకు తక్కువకే అమ్మిరి. నిన్నటి ధరను చూచి నేడు నిలువచేయుట వ్యవసాయము గాదు, జూదము. అప్పుకు సరిపడునంత మొదటి ఏరుటలోనే అమ్మి, తక్కినదానిని రెండు మూడు విడతలుగా అమ్ముట మాకు మేలుగా తోచును. పదిమంది సభ్యులు ఒక రకపు పత్తిని ఒక్కచోట చేర్చి మిల్లుతో నేరుగా మాటలాడినచో నడుమ దళారి కూలియు మిగులును.

మాటలాడునప్పుడు లెక్క చేతనుండవలెను. దూది ధరను పత్రికలలో కండీకి ఇంత యని వేయుదురు. కండీ యనగా 356 కిలోలు. పూర్వపు తూనికలో 784 పౌనులు. ఉదాహరణకు కండీ 55,000 రూపాయలనుకొందము. కిలో దూది సుమారు 154 రూపాయల 50 పైసలు. క్వింటాలు పత్తిలో 34 కిలోల దూది వచ్చినచో దాని వెల సుమారు 5,250 రూపాయలు. 64 కిలోల గింజ, కిలో 35 చొప్పున, 2,240 రూపాయలు. మొత్తము 7,490. దీనిలోనుండి ఆడించు ఖర్చు, బేలు కట్టు ఖర్చు, రవాణా, మిల్లువాని లాభము తీసివేయగా మిగిలినది పత్తి ధర కావలెను. కండీ ధర 1,000 రూపాయలు తగ్గినప్పుడు క్వింటాలు పత్తికి తగ్గవలసినది సుమారు 95 రూపాయలు. పెట్రాపోల్ మూసిరనియో, డాలరు పడినదనియో చెప్పి రెండు మూడు నూర్లు తగ్గించువారిని, నేటి కండీ ధర యెంత, గింజ ధర యెంత యని అడుగుడు.